ఇబ్బంది అస్సలు లేదు

మనిషి బతుకు ఎంత బాగుందో సున్నా నుంచి నూరు దాకా అంకెల్లో చెప్పాలట. ఆ అంకెలను గీతగా గీయాలట. గీత పైకి లేస్తే మందు మంచిదట. ఈ పని కనిపెట్టినవాడెవడో గానీ, ఒక్కపూటైనా ఏన్కూరు దాటి అడవంచు తండాలో ఓ నులకమంచం పక్కన కూర్చుని ఉంటే బాగుండేది. వాడు కూర్చోలేదు. అందుకే ఆ మంగళవారం పొద్దున, ఖమ్మంలో ఓ ప్రైవేటు దవాఖానా మూడో అంతస్తులో, కంప్యూటర్ మీద పైపైకి పోతున్న గీతను చూసి ఉషారాణి మురిసిపోయింది.

ఉషారాణి లంబాడీ పిల్ల. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది. ఎముకల మూలుగలో పుట్టే ఒక రకం రక్త క్యాన్సరుకు కొత్త మాత్ర వచ్చింది, దాన్ని ఈ దవాఖానాలో ముప్ఫై ఒక్కమంది మీద పరీక్షిస్తున్నారు. అందులో సగానికి పైగా తండాల వాళ్లే. నెలకోసారి వస్తారు, రక్తం ఇస్తారు, ఇరవై ప్రశ్నలకు జవాబు చెబుతారు, నెలకు సరిపడా మాత్రలు పట్టుకుపోతారు. ఆ ప్రశ్నలు అడిగేది ఉషారాణే. ప్రతి ప్రశ్నకూ నాలుగు గడులు: ఇబ్బంది అస్సలు లేదు, కొంచెం, బాగా, చాలా ఎక్కువ. చదువు రానివాళ్లకు తను చదివి వినిపిస్తుంది, వాళ్లు చెప్పిన గడిలో టిక్కు పెడుతుంది, అడుగున వేలిముద్ర వేయిస్తుంది, పక్కన తన సంతకం పెడుతుంది. తర్వాత ఆ టిక్కులన్నీ అంకెలు చేసి కంప్యూటర్‌కు ఎక్కిస్తుంది. ఇబ్బంది ఎంత తక్కువైతే అంకె అంత పెద్దది.

ఆమె భుజం మీంచి తొంగి చూస్తూ డాక్టర్ వెంకటకృష్ణ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. సత్తుపల్లి వైపు వాళ్ల కుటుంబానికి పామాయిల్ తోటలు ఉన్నాయి. ఈయన ఒక్కడే ఈ చదువులోకి వచ్చాడు.

"చూశావా ఉషా! రక్తం తేటపడటం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. శనివారం హైదరాబాదు మీటింగులో ఈ స్లైడు పెట్టానంటే ఇంక ఎవడూ నోరెత్తడు. ఆ ఇరవైమూడో నంబరును విడిగా చూపించు. ఎంత నుంచి ఎంతకు వెళ్లిందో చూడు."

ఇరవైమూడో నంబరు అంటే లాలి. అరవై దాటిన మనిషి. అక్టోబరులో యాభైరెండు, ఫిబ్రవరికి తొంభైమూడు.

"ఆమె నిన్న రాలేదు సార్. మార్చి ఫారం ఇంకా నింపలే."

"ఫోన్లో అడిగి నింపేయ్, రూల్స్ ఒప్పుకుంటాయి. మాత్రలు శుక్రవారం వచ్చి తీసుకోమను."

ఉషారాణి ఫోన్ చేసింది. లాలి కొడుకు కోటేష్ ఎత్తాడు. "ఆటో దొరకలే అక్కా, గందుకే రాలే," అని తల్లికి ఇచ్చాడు. ఉషారాణి లంబాడీలోనే, అమ్మను పిలిచినట్టు యాడీ అని పలకరించి ఫారం ముందేసుకుంది. పెన్ను అప్పటికే మొదటి గడి మీద ఉంది. ఆ సంగతి తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆమెకు తన చేతిని తనే కొట్టుకోవాలనిపించింది.

"యాడీ, పోయిన వారం రోజుల్ల ఎక్కువ దూరం నడవనీకి ఇబ్బంది అయిందా?"

"లేదు బేటీ."

టిక్కు.

"బిందె గాని, మూట గాని, బరువు మోయనీకి?"

"ఏం లేదు."

టిక్కు పెట్టబోతుంటే వెనక నుంచి ఆడగొంతు ఒకటి నవ్వుతూ వినబడింది. కోడలు శ్రావణి. "నువ్వెప్పుడు మోసినవ్ యాడీ బిందె? మంచం దిగితే గద!"

ఉషారాణి పెన్ను ఆగింది. "యాడీ, నువ్వు బిందె ఎత్తుతున్నవా?"

"నేనెందుకు ఎత్తుత? కోడలు ఎత్తుతది."

"మరి నడుస్తున్నవా?"

"నడుస్తలేను. నడిస్తే గద ఇబ్బంది అయ్యేది?" అంది లాలి చాలా మామూలుగా, ఇంత చదువుకున్న పిల్లకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

ఉషారాణి ఫోన్ పెట్టేసి తెర మీద గీత వంక చూసింది. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఆ మనిషి ఒక్కో పని మానేసినకొద్దీ గీత ఒక్కో మెట్టు పైకి ఎక్కింది. పూర్తిగా మంచాన పడితే నూటికి నూరు వస్తాయి. థూ, ఇదేం లెక్క! ఆమె ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం ఇంకా తెలియలేదు.

బుధవారం పొద్దున్నే సెలవు చీటీ రాసి పడేసి ఏన్కూరు బస్సెక్కింది. అక్కడ దిగి, కూలీలతో కిక్కిరిసిన ఆటోలో అంచున వేలాడుతూ తండా చేరేసరికి పది దాటింది. ఎక్కడ చూసినా మిరప కల్లాలే. ఘాటుకు తుమ్ములు ఆగడం లేదు. తండాలో కాళ్లు ఆడేవాళ్లంతా కోతకు పోయారు.

లాలి ఇంటి ముందు రేకుల పందిరి కింద కూర్చుని ఉంది. ఉషారాణిని చూడగానే మొహం ఇంత చేసుకుంది. "వచ్చినవా బేటీ, కూసో, కూసో," అంటూ చాప తేవడానికి లోపలికి బయలుదేరింది. లేవలేదు. రెండు చేతులూ నేలకు ఆనించి, పిర్రల మీద జరుగుతూ, గడప దగ్గర కాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో ఎత్తి అవతల పెట్టుకుంది. ఆ కాళ్లు ఎవరివో, వాటిని తను మోస్తున్నట్టు ఎత్తింది.

చాప మీద కూర్చున్నాక లాలి కుడి పాదం కనబడింది. బొటనవేలు మొదలు మడమ దాకా పెద్ద బొబ్బ చితికి, పసుపు పూసి ఉంది.

"ఇదేంది యాడీ?"

"పొయ్యి కాడ కూసున్న. నిప్పుల కాలు వడ్డదట. నాకు తెల్వలే. కమురు వాసన వస్తుందని శ్రావణే ఉరికొచ్చి గుంజింది." లాలి నవ్వింది. "మంట లేదులే బేటీ. అదొక్కటి మంచిగుంది."

శ్రావణి చాయ్ తెచ్చి ఇచ్చి, కోతకు ఆలస్యమైందని పరుగుతీసింది. ఆమె కనుమరుగయ్యే దాకా ఆగి ఉషారాణి అడిగింది, "ఇంత కష్టం పెట్టుకొని ఇన్ని నెలలు ఇబ్బంది లేదు, ఇబ్బంది లేదు అని ఎందుకు చెప్పినవ్?"

లాలి గొంతు తగ్గించింది. "ఆడ కోటేష్ ఉంటడు, బెంచీల మీద మన తండోళ్లు ఉంటరు. అందరి ముంగట నీళ్లకు ఇబ్బంది, తానానికి ఇబ్బంది అంటే ఏమనుకుంటరు? కోడలు చూస్తలేదనుకోరా? ఆ పిల్ల నన్ను చంటిపిల్ల లెక్క కడుగుతుంది బేటీ. దానికి మాట తేవాల్నా? కోడలు చేతికి పని అప్పజెప్పినంక అత్తకు ఇబ్బంది అనే మాటే ఉండదు మనల."

ఉషారాణికి ఆ మాట తెలుసు. తన నాయనమ్మ కూడా చివరి రోజుల్లో అదే అంది, ఎవరు అడిగినా. లంబాడీ మాట తెలుసనే కదా తనకు ఆ ఉద్యోగం ఇచ్చింది! మాట తెలిసీ ఏం ఏడిచింది? ఫారంలో ఉన్న ప్రశ్నను ఉన్నట్టు చదవాలి, ఒక్క ముక్క కూడా కలపకూడదు అని ట్రైనింగులో చెప్పారు, తను బుద్ధిగా చదివింది.

పాదాలు తిమ్మిరెక్కితే ఆ మాత్ర మోతాదు సగం చేయాలని కంపెనీ పుస్తకంలోనే ఉంది. పెందలాడే తగ్గిస్తే స్పర్శ తిరిగి వస్తుంది, ఆలస్యమైతే ఇక రాదు. తిమ్మిరి చేతులకు కూడా పాకితే మాత్ర మొత్తం ఆపేయాలి. ఫారంలో నడక అంకె పది తగ్గితే డాక్టరు వెంటనే కాళ్లు చూడాలనీ ఉంది. లాలి అంకె తగ్గలేదు, పెరిగింది. శుక్రవారం మళ్లీ పూర్తి మోతాదు చేతిలో పెడతారు.

"శుక్రవారం తప్పకుండ రా యాడీ. ఆటో నేను మాట్లాడి పంపుత."

"ఏం చెప్పాలె ఆడ?"

ఉన్న సంగతంతా చెప్పమనాలని నాలుక దాకా వచ్చింది. పేషెంటుకు జవాబు నేర్పితే ఆ ఫారం చెల్లదు, ఆ మనిషే లెక్కలోంచి పోతుంది. "నేను చెప్పొద్దు యాడీ. నీ నోటికెళ్లి రావాలె," అంది. ఆ మాట తనకే అసహ్యంగా వినబడింది.

గురువారం మొదటి పేషెంటు రాకముందే డాక్టరు గదిలోకి వచ్చి పడింది ఆమె.

"సార్, ఆ గీత తప్పు. లాలి నడుస్తలేదు. కాలు నిప్పుల పడితే తెలుస్తలేదు ఆమెకు."

వెంకటకృష్ణ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎవరు వెళ్లమన్నారు నిన్ను వాళ్లింటికి?"

"ఎవ్వరు అనలే. నేనే పోయిన."

"సరే. ఆమె రక్తం రిపోర్టు చూశావా? ఆ మాత్ర లేకపోతే ఈ పాటికి మనిషే ఉండేది కాదు."

"మాత్ర ఆపమంటలేను సార్. సగం చేయమంటున్న. పుస్తకంల ఉన్నదే."

"దేని ఆధారంగా చేయను? కాగితం మీద ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. ముప్ఫై ఒక్కమంది పాదాలు నెలనెలా పట్టుకుని కూర్చునే టైమ్ నాకుందా? ఫారం ఉన్నది అందుకే కదా!"

"ఫారం తప్పు చెప్తుంది సార్."

"అయితే దిద్దేస్తావా?" ఆయన గొంతు లేచింది. "పేషెంటు నోటి మాట అది. నువ్వు మార్చకూడదు, నేను మార్చకూడదు. మార్చాలంటే ఆమే మార్చాలి. ఇంకోటి విను. నవంబరులో పాదాలు తిమ్మిరా అని అడిగింది ఎవరు? లేదని టిక్కు పెట్టింది ఎవరు? ప్రతి కాగితం అడుగునా ఎవరి సంతకం ఉంది?"

పేషెంటు మాటకు ఎవరూ అడ్డురాకూడదని పెట్టిన రూలును ఇప్పుడు ఆ పేషెంటు నోటికే అడ్డం పెడుతున్నాడు ఈ పెద్దమనిషి. పైగా అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఉషారాణి తలుపు దడాలున వేసి బయటికి వచ్చింది. ఆ చప్పుడుకు బెంచీ మీద వాళ్లంతా తిరిగి చూశారు.

శుక్రవారం పదకొండింటికి ఆటో వచ్చింది. కోటేష్ తల్లిని రెండు చేతుల మీద దింపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎప్పటిలాగే ఉషారాణి తోసుకుంటూ లిఫ్టులో మూడో అంతస్తుకు తెచ్చింది. కోటేష్‌ను బయటే కూర్చోమంది. డాక్టరు బల్ల మీద మార్చి మాత్రల పెట్టె సిద్ధంగా ఉంది.

"ఏమ్మా లాలీ, ఎలా ఉన్నావు?"

లాలి రెండు చేతులూ జోడించింది. "బాగున్న సారూ. మీ దయ."

వెంకటకృష్ణ ఉషారాణి వంక చూశాడు. ఆ చూపుకు ఆమెకు చెంపలు కాలాయి. ఫారం తీసింది. ఉన్నది ఉన్నట్టే చదివింది. నడవనీకి ఇబ్బంది అయిందా? లేదు బేటీ. బరువు మోయనీకి? లేదు. తానానికి? లేదు, కోడలున్నది గద.

నాలుగో ప్రశ్న దగ్గర ఉషారాణి పెన్ను బల్ల మీద పడేసింది. బీరువా తెరిచి నవంబరు నుంచి ఉన్న ఫారాలు నాలుగూ తెచ్చి లాలి ఒళ్లో పెట్టింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు డాక్టరు.

"తను ఏం చెప్పిందో తనకు వినిపిస్తున్న సార్. వినే హక్కు ఆమెకు ఉన్నది. నేను ఏం నేర్పిస్తలేను, చదువుతున్న అంతే."

చదివింది. లంబాడీలో, గట్టిగా, ఒక్కో వాక్యం. "నవంబరు. లాలి ఎంత దూరమైనా నడుస్తది, ఇబ్బంది అస్సలు లేదు. లాలి బిందెలు మోస్తది, ఇబ్బంది అస్సలు లేదు. డిసెంబరు. లాలి తన తానం తనే చేస్తది, పాదాలు మంచిగ ఉన్నయి. జనవరి. ఫిబ్రవరి. లాలి బతుకు నూటికి తొంభైమూడు."

లాలి మొదట నవ్వింది. రెండో కాగితానికి నవ్వు ఆగింది. నాలుగోది పూర్తయ్యేసరికి కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవరీ లాలి?"

"నువ్వే యాడీ. నీ వేలిముద్రలే ఇవి."

"బిందెలు మోస్తదని నేనెప్పుడు చెప్పిన?" లాలి గొంతు పెరిగింది. "నువ్వు ఇబ్బంది ఉందా అన్నవ్, నేను లేదన్న. మోస్తున్నవా అని అడిగినవా? అడిగితే చెప్పకపోదునా? దీవాళి దాక నడిచిన. పత్తి ఆఖరి ఏరుడప్పటికి కట్టె పట్టుకున్న. పోయిన నెల సేవాలాల్ జయంతికి కొడుకు ఎత్తుకపోతే భోగ్ బండారు పూజ చూసిన. ఇవి యాడ రాసినవ్?"

ఉషారాణి ఫిబ్రవరి కాగితం తిరిగి ఆమె ఒళ్లో పెట్టింది.

"నెల నెల నన్ను ఈ కుర్చీల నువ్వే తోసుకొస్తవ్. తోసుకొచ్చి, కుర్చీ ఈడ ఆపి, నడవనీకి ఇబ్బంది ఉందా అని అడుగుతవ్. లేదంటే రాసుకుంటవ్. నీకు కండ్లు లేవా బేటీ? కాగితం చూసినవ్ గాని నన్ను చూసినవా?"

"ఏమంటోంది?" అన్నాడు లంబాడీ రాని వెంకటకృష్ణ.

మూడు రోజులుగా ఆయన మీద కూడబెట్టుకున్న కోపమంతా ఎటు పోయిందో, ఉషారాణి ఒక్క మాట వదలకుండా తెలుగులో చెప్పింది. దీవాళి చెప్పింది, కట్టె చెప్పింది, కుర్చీ సంగతి చెప్పింది. "నీకు కండ్లు లేవా అని నన్ను అడుగుతుంది సార్," అని కూడా చెప్పింది. చెబుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడుచుకోలేదు.

వెంకటకృష్ణ లేచి వచ్చి కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, లాలి పాదానికి కట్టిన గుడ్డ విప్పాడు. ఎడమ పాదాన్ని సూదితో మెల్లగా గుచ్చాడు. లాలి కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. చీలమండ దగ్గర గుచ్చాడు. పిక్క మీద గుచ్చాడు. మోకాలి కింద జానెడు దగ్గరికి వచ్చాక ఆమె "అబ్బ" అంది.

ఆయన లేచాడు. బల్ల మీది పెట్టె తీసి సొరుగులో పడేసి, సగం మోతాదు మాత్రలకు చీటీ రాశాడు. "ఆ కాలికి కట్టు కట్టించు," అన్నాడు. తర్వాత కాసేపటికి, ఉషారాణి మొహం చూడకుండా, "రేపటి స్లైడులో ఇరవైమూడో నంబరు తీసేయ్. డేటా సరిగ్గా లేదని కింద రాద్దాం," అన్నాడు.

"తియ్యను సార్."

"ఉషా!"

"ఆమెను తీస్తే గీత ఇంకా బాగుంటది సార్. కాలు పడిపోయినోళ్లను ఒక్కొక్కరిని తీసుకుంట పోతే మిగిలినోళ్లంతా బాగున్నట్టే కనవడ్తరు. ముప్ఫై ఒక్కమందిని అడిగింది నేనే, గిట్లనే అడిగిన. తీస్తే అందరిని తియ్యాలె, లేకుంటే అందరిని మళ్ల అడగాలె. అప్పటిదాక ఆ స్లైడు ఎక్కడా పెట్టొద్దు. నేను తప్పు అడిగిన అని కంపెనీకి, ఎథిక్స్ కమిటీకి నా పేరు మీదనే రాస్త. ఉద్యోగం పోతే పోనియ్."

ఆయన ఏదో అనబోయి కుర్చీలో కూర్చున్న లాలి వంక చూశాడు. ఆమె తన ఒళ్లోని కాగితాలు ఉషారాణికి చాపుతోంది.

"ఇవి మార్చు. నా పేరు మీద గట్ల ఉండొద్దు."

"నువ్వే మార్చాలె యాడీ. నేను మార్చొద్దు."

"చెప్త, రాయి. కోడలి సంగతి నేను ఇంటికి పోయి దానికి చెప్పుకుంట."

ఉషారాణి కుర్చీ దగ్గరికి స్టూలు లాక్కుంది. కొట్టేసిన జవాబు కనబడకుండా పోకూడదు, దాని మీద ఒక్క గీతే గీయాలి. నవంబరు నుంచి మొదలుపెట్టారు. ప్రశ్న చదువుతుంది, లాలి ఆలోచించుకుని, ఏ పంట పనికి ఏం చేయగలిగిందో చెబుతుంది. ఉషారాణి పాత టిక్కు మీద గీత కొట్టి, పక్కన కొత్తది పెట్టి, ఆమె చెప్పిన మాట అంచున ఉన్నది ఉన్నట్టు రాసి, తేదీ వేస్తుంది. ఒక్క నెలకే అరగంట పట్టింది. బయట పేషెంట్లు తలుపు తీసి చూసి వెళ్తున్నారు. వెంకటకృష్ణ ఎవరినీ లోపలికి పిలవలేదు, ఎవరినీ కసరలేదు.

నవంబరు కాగితం పూర్తయింది. ఉషారాణి ఇంకు ప్యాడు తెరిచి ముందు పెట్టింది. లాలి బొటనవేలు చాచింది. వేలు ప్యాడు అంచు దాటి బల్ల మీద ఆనింది. అక్కడే రెండుసార్లు గట్టిగా అద్ది, ఎత్తి, కాగితం మీద నొక్కింది. కాగితం తెల్లగానే ఉంది.

లాలి తల ఎత్తింది. "అంటిందా బేటీ? నాకు తెలుస్తలేదు."

ఉషారాణి ఆ వేలిని పట్టుకుంది. కొనను గోరుతో నొక్కింది. పక్క వేలినీ, దాని పక్క వేలినీ నొక్కింది. "ఇది తెలుస్తుందా యాడీ? ఇది?"

"చేతులు కూడ గట్లనే ఉన్నయి గద," అంది లాలి. "అది మీ కాగితంల లేదు. ఎవ్వరు అడగలే."

వెంకటకృష్ణ బల్ల అవతలి నుంచి చేయి చాచి, సగం మోతాదు చీటీ వెనక్కి తీసుకుని నిలువునా చించాడు. "మాత్ర మొత్తం ఆపేస్తున్నాం అని చెప్పు," అన్నాడు. లాలికి తెలుగు వచ్చు. ఆమెకు నేరుగా చెప్పడానికి ఆయనకు మొహం చెల్లలేదు.

ఉషారాణి లాలి వేలిని తన వేళ్ల మధ్య పట్టి ప్యాడు నడిమధ్య అద్దింది. కాగితం మీద ఆనించి, ముద్ర పడేదాకా తనే నొక్కి పట్టుకుంది.

"అంటింది యాడీ," అంది. డిసెంబరు కాగితం తీసింది.